తొమ్మిది పచ్చి టమాటాలు

పోయిన వారం డేగ చేతిలో ఒక కవరు పెట్టి ఆగాం. ఆ కవర్లో సాస్ కంపెనీ క్యాలెండర్ జూన్ నెల పేజీ ప్రూఫ్ ఉంది. ఇచ్చిన ప్రెస్ ఆయన, "గురువుగారూ, ఈ ఏడాది పచ్చికాయలు ఫ్యాషనా ఏమిటి?" అని నవ్వాడు. డేగ కూడా నవ్వాడు. దేనికి నవ్వుతున్నాడో అతనికే తెలియదు. కంపెనీ మేడమ్ రేపు పదకొండింటికి నేరుగా స్టూడియోకే వస్తోందని కూడా ప్రెస్ ఆయన చెప్పాడు. అప్పుడు డేగ నవ్వు ఆగిపోయింది.

కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కలు. డేగ తిండికి ఫొటోలు తీసే మనిషి. పళ్లెంలో వెంట్రుక ఉంటే పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాడని ఈ లైన్లో వాళ్లు పెట్టిన పేరది. ఇరవై రెండేళ్లుగా ఆ పేరు మీదే బతుకుతున్నాడు. పోయిన ఏడాది కళ్ల డాక్టరు రెండు కళ్లలోకీ లైటు వేసి చూసి, నరం ఎండిపోతోందని, మందు లేదని, ఆపరేషనూ లేదని, ఉన్నన్నాళ్లు ఉంటుందని చెప్పి పంపేశాడు. వెలుగూ నీడా ఇంకా బాగానే కనబడుతున్నాయి. పోతున్నవి రంగులు. అన్నిటికన్నా ముందు పోయింది ఎరుపు. ఈ సంగతి డాక్టరుకీ తనకీ తప్ప మూడో మనిషికి తెలియదని డేగ నమ్మకం.

ఇక మేడమ్ రావాల్సిన ఆ ఉదయం సంగతి.

స్టూడియో టైరు షాపు పైన, మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మీద రబ్బరు వాసన, తలుపు తీస్తే వేయించిన ఉల్లిపాయ వాసన. ఒకటే పెద్ద గది, ఉత్తరం వైపు గోడంతా కిటికీ. ఎండ నేరుగా పడదు కాబట్టి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరు వెలుతురు ఉంటుంది. ఆ కిటికీని చూసే డేగ అన్నయ్య ఈ గది తీసుకున్నాడు. కిటికీ ముందు బల్ల, బల్ల మీదికి మెడ వంచి చూస్తున్నట్టు ట్రైపాడ్, వెలుతురు తిప్పడానికి అంచులు చిరిగిన థర్మోకోల్ అట్టలు, నీడ పెంచడానికి నల్ల అట్టలు. తడిక అవతల వంటగది.

డేగ ప్రూఫ్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. నిన్న సాయంత్రం నుంచి ఇది పదోసారో పదకొండోసారో. నల్లరాతి పలక మీద తొమ్మిది టమాటాలు ఉన్నాయి. ఒకటి కోసి ఉంది. పక్కన పిడి అరిగిన పాత కత్తి. ప్రతి కాయ భుజం మీదా గోరంత వెలుగు. నీటి చుక్కలు ఎక్కడివక్కడే నిలబడ్డాయి. ఎడమ నుంచి మూడో కాయ కాస్త ఒరిగింది. దాని నీడ సాగి వెళ్లి కత్తి మొనను ముట్టుకుంటోంది. చూసేవాడి కన్ను ఆ నీడ పట్టుకుని కత్తి దగ్గరికి, కత్తి మీదుగా కోసిన ముక్క దగ్గరికి దానంతటదే నడిచిపోతుంది. చదువుకున్నవాళ్లు దీనికి ఏవో పెద్ద పేర్లు పెట్టారు. అన్నయ్య మాత్రం, "చూసేవాడి చిటికెనవేలు పట్టుకుని తిప్పాలిరా, వాడికి తెలియకూడదు" అని ఒక్క ముక్కలో నేర్పాడు.

ఇందులో తప్పెక్కడుందో డేగకు దొరకలేదు. కాయలు లెక్కపెట్టాడు, తొమ్మిదే. వెంట్రుక కోసం వెతికాడు. వేలిముద్ర, ఈగ, బూజు, కిటికీ ఊచ నీడ, అన్నీ వెతికాడు. ఏమీ లేవు. ఇరవై రెండేళ్లలో తను తీసిన టమాటాల్లో ఇంత బాగా కుదిరినవి లేవు. పచ్చికాయలు అన్న మాట మాత్రం పంటి సందులో పీచులా ఇరుక్కుని కదలడం లేదు.

చివరికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈ ఏడాదిగా అతను రంగులను చూడడం మానేసి చదవడం మొదలుపెట్టాడు. ఫొటోలో ఎక్కడ బాణం పెట్టినా ఎరుపెంత, ఆకుపచ్చెంత, నీలమెంత అని పక్కన మూడు అంకెలు పడతాయి. ఆరో క్లాసులో లెక్కలు తప్పి బడి ఎగ్గొట్టినవాడు, నలభై ఎనిమిదో ఏట అంకెలు చూస్తే తప్ప టమాటాను టమాటా అనలేని స్థితికి వచ్చాడు.

మూడో కాయ మీద బాణం పెట్టాడు. ఎరుపు నూటపద్దెనిమిది. ఆకుపచ్చ నూటనలభై ఆరు.

ఇంకో కాయ మీద పెట్టాడు, ఆ తర్వాత ఇంకోటి. తొమ్మిదింటికీ అదే వరస.

ఫైలు నంబరు నలభై ఒకటి. ఆ పక్కన నలభై ఏడు తెరిచి చూశాడు. అందులో ఎరుపు నూటఎనభై ఆరు, ఆకుపచ్చ ముప్పై ఎనిమిది. అవి పండిన టమాటాలు. ఇవతలివి డమ్మీ.

ఈ పనిలో డమ్మీ అనేది ఒకటుంటుంది. అసలు పళ్లెం బల్ల మీదికి వచ్చాక పది నిమిషాలకన్నా నిలవదు. వాడిపోతుంది, నీరుగారిపోతుంది, మెరుపు పోతుంది. అందుకని ముందు అదే సైజు, అదే ఆకారం ఉన్న మరొకటి పెట్టి గంటలకొద్దీ వెలుతురు సరిచూసుకుంటారు. అంతా కుదిరాక డమ్మీని తీసేసి అసలుదాన్ని పెడతారు. టమాటాలకు డమ్మీ పచ్చికాయలే. గట్టిగా ఉంటాయి, ఎంతసేపు నిలబెట్టినా మాట వింటాయి. పండినవి అప్పటిదాకా చల్లటి డబ్బాలో రాణుల్లా పడుకుని ఉంటాయి.

డేగ రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టాడు. అతనికి రెండూ ఒకటే, తడిసిన మట్టి రంగు. తేడా అల్లా మూడో కాయ ఒరుగులో ఉంది. నలభై ఏడులో నీడ కత్తిని ముట్టుకోలేదు, వేలెడు దూరంలో ఆగిపోయింది. రంగు లేని కంటికి నలభై ఒకటే మంచి ఫొటో. అందుకే దాన్ని ఏరాడు. ఏరి, ఎరుపు తప్ప ఇంకేమీ అమ్మని కంపెనీకి పంపాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. వదిన కూరగాయల సంచితో లోపలికి వచ్చింది.

వదిన అంటే అన్నయ్య భార్య. పళ్లెం సర్దేది ఆవిడే. కుట్టుపని డబ్బాలో సూదులూ దారాలూ తీసేసి పట్టకార్లు, కుంచెలు, చుక్కల గొట్టం, దూది, గ్లిజరిన్ సీసా పెట్టుకుంది. ఒక నువ్వు గింజను పట్టకారుతో పట్టుకుని, దాని చోటు దొరికేదాకా పావుగంట ఊపిరి బిగపట్టుకుని నిలబడగల మనిషి. అన్నయ్య పోయి తొమ్మిదేళ్లయింది. అప్పట్నుంచి ఇద్దరే నడుపుతున్నారు.

"ఏమయ్యా, అలా ఉన్నావు? ప్రెస్ ఆయన ఏమన్నాడు?" అంది సంచి దించుతూ.

"ఏముంది, ఫైళ్లు కలిసిపోయాయి వదినా. జూన్‌కి డమ్మీది వెళ్లిపోయింది. కంప్యూటర్లతో ఇదే గొడవ."

వదిన సంచిలోంచి ఆకుకూర తీసి వేళ్లు దులిపింది. "కలిసిపోలేదు" అంది.

"అంటే?"

"అంటే నువ్వే ఏరి పంపావు. నేను నీ పక్కన స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. నా కళ్లతో చూశాను."

డేగ తెర వైపు చూశాడు. ఆ రోజు గుర్తొచ్చింది. పక్కన వదిన ఉండబట్టే బాణం పెట్టి అంకెలు చదవలేకపోయాడు. చదివితే ఎందుకు చదువుతున్నావని అడుగుతుందని భయం. కళ్లున్నవాడిలా ఠక్కున ఏరాలనుకున్నాడు, ఏరాడు.

"ఇదేనా అని రెండుసార్లు అడిగాను. రెండోసారి ఏమన్నావో గుర్తుందా?"

అతనికి గుర్తుంది.

"ఇదే వదినా, ఎరుపు ఎలా మండిపోతోందో చూడు, అన్నావు. తొమ్మిది పచ్చికాయల్ని చూపించి."

కింద టైరు షాపులో గాలి కొట్టే మిషన్ ఆగింది. గదిలో ఫ్రిజ్ చప్పుడొక్కటే మిగిలింది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు డేగ.

"కెమెరా తుడిచేది ఎవరు?"

"నువ్వు."

"దాని వెనక అద్దం మీద రోజూ నీ ముక్కు జిడ్డు ఉంటుంది. ఇరవై ఏళ్లు ఎడమ పక్కన ఉండేది. పోయిన ఏడాది ఒకరోజు చూస్తే కుడి పక్కకి వచ్చింది. మనిషి ముక్కు ఉన్నట్టుండి అటు నుంచి ఇటు రాదు కదా. కన్ను మార్చాడు అనుకున్నాను. కుడి కన్నుతో చూసేవాడు ఎడమ కన్నుతో చూస్తున్నాడంటే కుడి కంటికి ఏదో అయింది. నేనేం డాక్టర్ని కాదు. తుడుపుగుడ్డ పట్టుకునేదానికి ఆమాత్రం తెలుస్తుంది."

"అడగొచ్చు కదా."

"నువ్వు చెప్పొచ్చు కదా."

వదిన తడిక అవతలికి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. గ్లాసు చేతిలోనే ఉంది. మాట్లాడినప్పుడు గొంతు పెంచలేదు. కూరలోకి ఏమేం వేసిందో చెబుతున్నంత మామూలుగా చెప్పింది.

"ఆ తర్వాత ఒకరోజు పుచ్చకాయ ముక్కల మీద పుదీనా వేయమన్నావు. వేశాను. వేశాక కూడా, ఇంకా వేయవేం అని విసుక్కున్నావు. ఎర్రటి ముక్క మీద పచ్చటి ఆకు నీకు కనబడలేదు. ఆ వేళ నుంచి నీ బల్ల మీదికి ఎరుపు రానివ్వడం మానేశాను."

"రానివ్వకపోవడమేమిటి?"

"చెర్రీలు అడిగితే నల్లద్రాక్ష పెట్టాను, బజార్లో చెర్రీలు లేవన్నాను. ఎర్ర గుడ్డ అడిగితే ఉతికానన్నాను, తెల్లది పరిచాను. మిరపకాయ బదులు మిరియాలు, బీట్‌రూట్ బదులు ముల్లంగి. నలుపు, తెలుపు, మధ్యలో నీకింకా ఆనేది ఒక్క పసుపు. నిమ్మచెక్కో గుడ్డుసొనో, ఏదో ఒకటి. వెలుగూ నీడా నీకెలాగూ ఎవరూ నేర్పక్కర్లేదు. బండి నడిచిపోయింది."

డేగ తల ఎత్తి గోడ వైపు చూశాడు. అక్కడ ఇత్తడి ఫలకం వేలాడుతోంది. ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు ఇచ్చింది. దాని పక్కన ఫ్రేము కట్టించిన పత్రిక కాగితం ఉంది. 'నలుపు తెలుపుల మౌనంలో ఒక్క పసుపు పలుకు. ఇరవై ఏళ్ల తర్వాత తన శైలిని తానే వదులుకోగల ధైర్యం ఎందరికుంటుంది?' అని రాశారు అందులో. కనబడని వాడికి కళ్లు చెదిరే పొగడ్త. ఆ ముక్క చదివి అతను మూడు రోజులు నేల మీద నడవలేదు. కళ్లు పోతున్నా లోపలెక్కడో ఒక మూల తెరుచుకుంటోందని అనుకున్నాడు. రాత్రిళ్లు భయం వేసినప్పుడు ఆ ఒక్క మాటనే దుప్పటిలా కప్పుకున్నాడు.

"అయితే అది నాది కాదా?" అన్నాడు.

"ఫలకం నీదే. నేనేం పట్టుకుపోతానా? దాంతో కొబ్బరికాయ కూడా పగలదు."

"వేళాకోళం వద్దు వదినా."

"సరే, వద్దు. నీదే. వెలుతురు నీది, నీడ నీది, ఆ మూడో కాయ ఒరుగు నీది. నేను అడ్డు తీశానంతే."

"నువ్వు తీసిన అడ్డుకే వాళ్లు దండ వేశారు" అన్నాడు డేగ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అదెంత నిజమో అతనికి తెలియలేదు.

లేచి ఫలకం దగ్గరికి వెళ్లాడు, దాన్ని ముట్టుకోలేదు. తిరిగి వచ్చాడు. దుఃఖం వచ్చినప్పుడు అతని ఇంట్లో మగవాళ్లందరికీ కోపమే వచ్చేది.

"మరి ఇన్నాళ్లు కాచినదానివి, ఆ రోజు ఎందుకు ఊరుకున్నావు? పచ్చికాయలని తెలుసు. పంపుతున్నానని తెలుసు. నోట్లో బఠాణీలు పోసుకున్నావా?"

"ఈ సాస్ కంపెనీ పని ఒప్పుకోవద్దని మొదటే చెప్పాను. పన్నెండు నెలలకీ ఎరుపే. అందులోంచి నేనేం తీసెయ్యను? నువ్వేమన్నావు? నీకు ఫొటోల గురించి ఏం తెలుసు, కూరలు తరుగు, అన్నావు. తరిగాను."

"ఆ కోపం మనసులో పెట్టుకుని..."

"కోపం కాదు." వదిన గ్లాసు బల్ల మీద పెట్టింది. "నువ్వు చెబుతావని చూశాను. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని ఏడాది చూశాను. ఆ రోజు పచ్చికాయలు తెర మీద పెట్టుకుని కూర్చున్నావు. ఇప్పుడైనా, వదినా నాకు తెలియడం లేదు, ఇది ఎర్రదా పచ్చదా, అని అడుగుతావనుకున్నాను. ఎరుపు మండిపోతోంది అన్నావు. నాకు. నాతో. అప్పుడు నా వల్ల కాలేదు. పంపుకోనీ అనుకున్నాను."

డేగ గడియారం చూశాడు. పది దాటి ఇరవై నిమిషాలు. మేడమ్ వచ్చేస్తుంది.

ఆ మేడమ్ గురించి ప్రెస్ ఆయన నిన్న ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఇరవై ఏళ్లు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రంగు చూసే పని చేసి పైకొచ్చిన మనిషి. వాళ్ల సాస్ ఎరుపుకు ఒక నంబరు ఉంది. ఫొటోగ్రాఫర్ మీద అనుమానం వస్తే గిన్నెల్లో రకరకాల సాస్‌లు పోసి, మాదేదో చూపించమంటుందట. చూపించలేని వాడితో మళ్లీ మాట్లాడదు. ఒక్క మాట మాత్రం నలుగురికి చెబుతుంది.

"వదినా," అన్నాడు. ఈసారి గొంతు వేరు. "గిన్నెలు తెస్తుందట. ఎడమ నుంచి లెక్క. మొదటిదైతే ఒకసారి దగ్గు. రెండోదైతే రెండుసార్లు, ఎన్నోదైతే అన్నిసార్లు. అంతే. ఇవాళ గట్టెక్కితే చాలు."

"ఇవాళ గట్టెక్కితే?"

"జూన్ పేజీ మార్చి ఇచ్చేస్తాను."

"ఆ తర్వాత వచ్చే ఏడాది క్యాలెండర్. దానికీ దగ్గాలి. నాకు క్షయ వచ్చిందని టైరు షాపు వాళ్లు మెట్లెక్కడం మానేస్తారు."

డేగ నవ్వలేదు. వదిన కూడా నవ్వించడానికి అనలేదు.

"ఒక మాట వింటావా?" అంది. "ఆవిడ రాగానే చెప్పెయ్యి. నా కంటికి రంగు ఆనడం లేదు, వెలుగు నేను చూస్తాను, రంగు మా వదిన చూస్తుంది, ఇద్దరం కలిసి ఒక మనిషిమి అని చెప్పు. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. రంగులు చూసీ చూసీ తల పండిన మనిషి, కన్నంటే ఏమిటో ఆవిడకి తెలియకపోదు."

గదిలో ఒక దారి కనబడిందంటే అదొక్కటే. డేగ దాని వైపు చూశాడు కూడా. చూసి, ఈ లైన్లో వాళ్లందరి నోళ్లూ తలుచుకున్నాడు. డేగకు చేతికర్ర వచ్చిందట అంటారు. వాళ్ల వదిన పక్కన నిలబడి ఇది ఎరుపు నాయనా, ఇది పచ్చ నాయనా అని చెబుతుందట అంటారు. ప్రెస్ ఆయన నవ్వు ముందే వినబడింది.

"చెబితే ఆ సాయంత్రానికే ఈ గదికి తాళం" అన్నాడు. "నీకూ పోతుంది వదినా, నాకొక్కడికే కాదు."

"నాకు తరగడం వచ్చు. ఏ వంటింట్లో అయినా కత్తి ఒకటే."

"దగ్గుతావా, దగ్గవా?"

వదిన ఆకుకూర తీసుకుని వంటగదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి పీట మీద కత్తి చప్పుడు మొదలైంది. టక టక టక టక. ఆ చప్పుడులో ఒప్పుకోవడం ఉందో, ఒప్పుకోకపోవడం ఉందో అతనికి అంతు చిక్కలేదు.

మేడమ్ పదకొండుకు రెండు నిమిషాల ముందే వచ్చింది. పొట్టి మనిషి, నూనె రాసి బిగించిన జడ, చేతిలో టిఫిన్ క్యారియర్ లాంటి స్టీలు డబ్బా. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కిటికీ వైపే చూస్తూ నిలబడింది.

"మంచి వెలుతురండీ," అంది. "మా ల్యాబ్‌లో ఇలాంటి కిటికీ కోసం పదేళ్లు అర్జీలు పెట్టాను. ట్యూబ్‌లైట్లు ఇచ్చారు."

డేగ కుర్చీ లాగాడు. వదిన మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, కిటికీ పక్కన నిలబడింది. మేడమ్ ప్రూఫ్ తీసి బల్ల మీద పరిచింది. కోపంగా ఏమీ లేదు. జ్వరం ఎంతుందో చూసే మనిషిలా ఉంది.

"ఫొటో చాలా బాగుంది. అబద్ధం కాదు. ఈ నీడ చూశారా, నిన్న రాత్రి దీన్నే చూస్తూ కూర్చున్నాను. కానీ మా కంపెనీ పచ్చికాయలు కొనదు కదండీ." గుక్కెడు నీళ్లు తాగింది. "పొరపాట్లు అందరికీ జరుగుతాయి. ఎలా జరిగిందో తెలిస్తే చాలు నాకు. మెషినుదా, మనిషిదా?"

అడిగే తీరులోనే సగం క్షమించేసింది. ఆ పూట డేగకు అంతకన్నా మెత్తటి ప్రశ్న దొరకదు. వదిన చేతులు కట్టుకుని అతని వైపే చూస్తోంది.

"మనిషిదేనండీ," అన్నాడు డేగ. "ఫైళ్లు వేరు చేసి పెట్టేది మా వదిన. పెద్దావిడ కదా, ఈ మధ్య కొంచెం మతిమరుపు. డమ్మీది పంపే వాటిలో పెట్టేసింది. నేను సరిచూసుకోవాల్సింది."

అన్నాక వదిన వైపు చూడలేదు. చూడక్కర్లేదు. ఇరవై రెండేళ్లలో ఆవిడ ఒక ప్లేటు పగలగొట్టలేదు, ఒక గింజ తప్పు చోట పెట్టలేదు. ఆ సంగతి గదిలో ఉన్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు.

"ఓహో," అంది మేడమ్. వదినను ఒకసారి నిదానంగా చూసింది. ఆవిడ ఖండిస్తుందేమోనని ఆగినట్టుంది. వదిన నోరు విప్పలేదు. "అయితే ఇక్కడ రంగు చూసేది ఆవిడా, మీరా?"

అదీ ఇంకో తలుపే. తెరిచి పెట్టి మరీ అడిగింది.

"నేనే" అన్నాడు డేగ. "రంగు విషయంలో ఇంకెవరినీ నమ్మనండీ."

"సరే అయితే."

మేడమ్ స్టీలు డబ్బా విప్పింది. మూడు తెల్లటి పింగాణీ గిన్నెలు తీసి బల్ల మీద ఒకే దూరంలో, ఒకే వరసలో పెట్టింది. డేగకు చిత్రంగా ఆ చేతిపని నచ్చింది. మూతలు తీసింది.

"ఒకటి మాది. ఒకటి మా పోటీవాళ్లది. ఇంకోటి మాదే, కానీ నెల రోజులు ఎండలో పెట్టి చెడగొట్టింది. గిన్నెల అడుగున గుర్తులున్నాయి. రుచి చూడొద్దు, వాసన చూడొద్దు. చూసి చెప్పండి, చాలు. డేగ అంటారట కదా మిమ్మల్ని."

డేగ బల్ల మీదికి వంగాడు. తెల్లటి అంచులు కనబడ్డాయి. ప్రతి గిన్నెలోనూ కిటికీ నాలుగు పలకలుగా మెరుస్తోంది. చిక్కదనం ఒకటే, మెరుపు ఒకటే. మూడింట్లోనూ అదే తడిమట్టి. ఒక నల్ల అట్ట తెచ్చి అడ్డం పెట్టాడు, తీశాడు, ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. పనితనం చూపించేవాడిలా. మొదటిది కొంచెం ముదురా అనిపించింది. కన్ను ఆర్పితే మూడోది ముదురు.

వదిన వైపు నుంచి చప్పుడు లేదు.

తలెత్తాడు. వదిన కిటికీకి వీపు ఆనించి నిలబడి ఉంది. వెనకంతా తెల్లటి వెలుతురు, ముందంతా నీడ. ఎవరినైనా అలా నిలబెడితే ముఖం పడదని అన్నయ్య మొదటి వారంలోనే నేర్పాడు. ఆ ముఖంలో ఏముందో డేగకు కనబడలేదు.

"తొందరేం లేదు" అంది మేడమ్, పెన్ను మూత తీస్తూ.

అప్పుడు వదిన దగ్గింది. ఒకసారి.

ఒకటంటే మొదటిది. చెయ్యి కదపబోయాడు.

మళ్లీ దగ్గింది. రెండు.

కొంచెం ఆగాడు. కింద టైరు షాపులో ఎవరో సుత్తితో రింగు మీద కొట్టడం మొదలుపెట్టారు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిందికి చూస్తోంది. మూడో దగ్గు రాలేదు. అయితే మధ్యది. మధ్యదే. అతన్ని ముంచే అబద్ధం ఆవిడ ఎన్నడూ ఆడలేదు. కాకపోతే అతను కూడా ఈ రోజు దాకా ఆవిడ మీద ఏ తప్పూ తోయలేదు.

దగ్గింది నిజంగా అతన్ని గట్టెక్కించడానికేనా? లేక తొమ్మిది పచ్చికాయలు పంపుకోనీ అని వదిలేసినట్టే, ఇంకోసారి వదిలేస్తోందా?

మేడమ్ చూస్తోంది. ఇంకా ఆగితే ఆగినందుకే దొరికిపోతాడు. డేగ నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. చెయ్యి చాచాడు. వేలు మధ్య గిన్నె అంచుకు జానెడు దూరంలోకి వచ్చింది.

కిటికీ దగ్గర వదిన మూడోసారి దగ్గింది.